చూడకుండా పెట్టిన సంతకం

విజయపురి సౌత్,
9 మే 1964, శనివారం.

ప్రియమైన తమ్ముడు సామ్యేలుకు, నీ అక్క రాహేలు ప్రభువు పేరిట దీవించి వ్రాయునది.

నీ కార్డు గురువారం అందింది. కార్డు మీద రాసే సంగతేనా అది? ఇక్కడి పోస్టుమాను నా చేతికివ్వడానికి ముందే చదివాడని అతని ముఖం చెప్పింది. ఇకముందు ఇలాంటివి కవరులో పెట్టి రాయి. నరసరావుపేటలో మన గుడి మెట్ల మీద నలుగురూ అనుకుంటున్నారని నువ్వు రాసినదానికి జవాబుగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మా అబ్బాయి దేవసహాయం డ్యాంలో ఏదో తప్పు చేసి పట్టుబడ్డాడనీ, ఉద్యోగం ఊడిందనీ, పింఛను కూడా రాదనీ వాళ్లన్నారట. ఇందులో ఒక్కటి నిజం, ఒక్కటి సగం నిజం, మిగిలింది అబద్ధం. ఏది ఏదో వరుసగా రాస్తాను. నువ్వు నలభై ఏళ్లు కోర్టు గుమాస్తాగా దస్త్రాలు మోసినవాడివి. కాగితం పూర్తిగా చదవకుండా తీర్పు చెప్పే అలవాటు నీకు లేదని నా నమ్మకం.

ముందు క్షేమ సమాచారాలు. నేను, దేవసహాయం, కోడలు కమలమ్మ ముగ్గురం ఆరోగ్యంగా ఉన్నాము. నా మోకాళ్లు డెబ్బై నాలుగేళ్లకు ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. నీ దగ్గు తగ్గిందా? మందు మధ్యలో మానేశావని నాకు తెలుసు, రాయకపోయినా తెలుసు. మరియమ్మక్క రాత్రిళ్లు నిద్రపోతున్నదా? అక్కకు ఈ ఉత్తరం చదివి వినిపించు. గట్టిగా, నెమ్మదిగా చదువు, కోర్టులో చదివినట్టు గబగబా చదవొద్దు.

నేను ఇక్కడికి వచ్చి పధ్నాలుగు నెలలైంది. మొదట్లో రాసిన ఉత్తరాల్లో అంతా బాగుందని రాశాను. బాగుంది కానీ, అంతా కాదు. ఇది ఊరు కాదు, కాలనీ. ఒకే కొలతతో కట్టిన ఇళ్లు, ఒకే రంగు తలుపులు. మొదటి నెలలో రెండుసార్లు పక్కవాళ్ల ఇంట్లోకి వెళ్లి, చెప్పులు విడిచి కూర్చున్నాక గాని తెలియలేదు. రోజూ మధ్యాహ్నం సైరను మోగుతుంది, తరువాత కొండలో మందుగుండు పేలుతుంది. గిన్నెలు కదులుతాయి. ఇప్పుడు అలవాటై, సైరను మోగగానే కమలమ్మ పాల గిన్నె మీద మూత పెడుతుంది, నేను కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుంటాను. కూరగాయలు మాచర్ల నుంచి లారీలో వస్తాయి, సగం వాడిపోయి. చేపలు మాత్రం ఏటివి, తాజావి. గోంగూర పెరట్లో నేనే వేశాను. ఎండ సంగతి చెప్పను, పల్నాటి ఎండ నీకు తెలియనిదా. నల్లరాయి కాగి, పొద్దు గుంకినాక కూడా సెగ కొడుతుంది.

ఒంటరితనం అంటావా, ఉంది. ఇక్కడ నన్నెవరూ పంతులమ్మగారూ అని పిలవరు. ఇంజినీరు గారి అమ్మ అంటారు. నలభై ఏళ్లు బడి నడిపినదాన్ని, ఒకరి అమ్మగా మిగలడానికి కొంత కాలం పట్టింది. అందుకని నా వాన కొలిచే డబ్బాను పెరట్లో పాతించి, పొద్దున ఎనిమిదింటికి చూసి పుస్తకంలో రాస్తున్నాను. వాన లేని రోజు కూడా వెళ్లి చూసి 'లేదు' అని రాస్తాను. ఆ డబ్బా సంగతి ఎందుకు ఎత్తానో ముందు ముందు తెలుస్తుంది.

ఇక వాడి పని గురించి. మీరంతా వాడు డ్యాం కడుతున్నాడనుకుంటున్నారు. కాదు. డ్యాం కట్టేవాళ్లు వేరు. వీడు కరెంటు మనిషి. డ్యాం గోడలో పెద్ద ఇనుప గొట్టాలు పెడుతున్నారు, ఒక్కొక్క దానిలో ఏనుగు నడిచి వెళ్లొచ్చు. రేపెప్పుడో దిగువన పవర్‌హౌసు కట్టి మిషన్లు బిగించినప్పుడు ఏటి నీళ్లు ఆ గొట్టాల్లోంచి దూకి వాటిని తిప్పాలి. మిషన్లు ఇప్పుడు లేవు. ఎప్పుడొస్తాయో తెలియదు. కానీ గోడ కట్టేటప్పుడే గొట్టాలు పెట్టకపోతే తరువాత ఆ గోడను తొలిచే మొనగాడు పుట్టడు. అందుకని కొండల్లో పవర్‌హౌసులు నడిపిన వీణ్ణి ఇక్కడికి పంపారు.

వాడు ముప్పై నాలుగేళ్లు ఏం చేశాడో మన బంధువుల్లో ఎవరికీ సరిగా తెలియదు. నాకే ఈ పధ్నాలుగు నెలల్లో తెలిసింది. మద్రాసులో చదువైపోయి, ఇరవై ఒకటో ఏట నీలగిరి కొండల మీద మొదటి పవర్‌హౌసులో చేరాడు. గంటకొకసారి మిషను చుట్టూ తిరిగి, ముళ్లు ఎంత చూపిస్తున్నాయో పెద్ద కాగితం మీద రాయడం మొదటి పని. ఎనిమిదేళ్లు అదే రాశాడు. కర్ర కొసను మిషనుకు ఆనించి, రెండో కొసను చెవికి పెట్టుకుని లోపల ఇరుసు సుఖంగా తిరుగుతున్నదో లేదో వినేవాడట. ఆ వినడం వినడంలోనే కుడి చెవి పోయింది. తరువాత విశాఖ ఏజెన్సీ కొండలు. అక్కడ చలిజ్వరం. కొయినా మాత్రలు మింగి చేదంటే ఏమిటో మరిచిపోయాడు, అందుకే ఇప్పటికీ కాకరకాయ కూర అడిగి వేయించుకుంటాడు. కమలమ్మ ఆ కొండల్లో పదకొండేళ్లు గడిపింది. కొండ మీంచి నీళ్లు దిగే చప్పుడు ఆగితే ఆవిడకు మెలకువ వచ్చేదట, మిషను ఆగిందని. చప్పుడుకు కాదు, చప్పుడు ఆగితే.

నేను వాణ్ణి ఈ పనిలోకి పంపినప్పుడు కలెక్టరు కచేరీలో కుర్చీ దొరకలేదని బాధపడ్డాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

జూన్ నెలతో వాడికి యాభై అయిదు నిండుతాయి. రెండేళ్లు పొడిగిస్తారని పై అధికారులు మాటిచ్చారు. ఆ రెండేళ్లలో గొట్టాలన్నీ గోడలోకి చేరిపోతాయి. మిషన్లు తిరగడం ఎలాగూ చూడను, గొట్టాలన్నీ నా చేతిమీదుగా కూర్చుంటే చాలు అంటుండేవాడు. వాడికి ఉన్న ఆశల్లా అదే. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదువు.

గొట్టం ఒక్కొక్క దానికీ బొటనవేలంత సన్నటి గొట్టాలు నాలుగు తగిలిస్తారు. అవి రాతి కట్టడంలోంచి వెళ్లి, డ్యాం కడుపులో గ్యాలరీ అనే సొరంగంలోకి తేలతాయి. రేపు అక్కడ గడియారాల్లాంటివి బిగిస్తే, పెద్ద గొట్టంలో నీటి ఒత్తిడి ఎంతో ముల్లు చూపిస్తుంది. సన్న గొట్టం మీద రాయి పేర్చకముందు ఒక పద్ధతి ఉంది. ఒకరు పెద్ద గొట్టంలో నిలబడి చేతిపంపుతో నీళ్లు కొడతారు. ఇంకొకరు గ్యాలరీలో కొస దగ్గర అరచెయ్యి పట్టి, నీళ్లు రాగానే 'వచ్చింది!' అని కేక వేస్తారు. అప్పుడు ఇంజినీరు పుస్తకంలో 'చూచితిని' అని రాసి సంతకం పెడతాడు. ఆ సంతకం పడ్డాక మేస్త్రి రాయి పేరుస్తాడు. అది లేకుండా ఒక్క రాయి కూడా పడదు.

ఇప్పుడు నా తప్పు దగ్గరకొచ్చాను.

ఈస్టరుకు మాచర్ల గుడిలో దేవసహాయం బైబిలు పాఠం చదువుతాడని అక్కడి పాస్టరు గారికి మాట ఇచ్చాను. వాణ్ణి అడగకుండా ఇచ్చాను. నా కొడుకు కోటు వేసుకుని నిలబడి చదువుతుంటే నా పాత విద్యార్థినులు చూడాలని నాకు ఆశ పుట్టింది. డెబ్బై నాలుగేళ్లకు ఈ ఆశ ఏమిటని నువ్వు అడగొద్దు, నేనే అడుక్కున్నాను. శనివారం సాయంత్రం బస్సు. నేను మూడు గంటలకే ట్రంకు పెట్టె మీద కూర్చున్నాను. వాడు పని దగ్గర నుంచి రాలేదు. ఒకసారి కబురు పంపాను. రెండోసారి, 'బస్సు పోతే నేను నడిచి పోతానని చెప్పు' అని పంపాను. ఈ మాటలే పంపాను, మార్చి రాయడం లేదు.

ఆ పూట నాలుగో నంబరు పెద్ద గొట్టం దగ్గర మూడు సన్న గొట్టాలు చూసి సంతకం పెట్టాడు. నాలుగోదానికి అతుకు ఇంకా బిగిస్తున్నారు. కట్టడం ఆ ఎత్తుకు రావడానికి సోమవారం అవుతుంది, పొద్దున్నే వచ్చి చూసుకోవచ్చు అని లెక్క వేసుకున్నాడు. సంతకం లేకపోతే ఆదివారం మొత్తం పని ఆగుతుంది. వరదలు రాకముందు గోడ లేవాలని అందరికీ తొందర. నాలుగో వరుసలో కూడా 'చూచితిని' అని రాసి సంతకం పెట్టి బస్సెక్కాడు. ముప్పై నాలుగేళ్లలో చూడకుండా పెట్టిన సంతకం అదొక్కటే.

ఆదివారం వాడు పాఠం బాగా చదివాడు. నేను మురిసిపోయాను. అదే పొద్దున ఇక్కడ గురవయ్య మేస్త్రి పుస్తకం తెరిచి సంతకం చూశాడు. గురవయ్యది మాచర్ల పక్క, రాతిపని వాళ్ల తాతల నాటిది. మనిషి ముక్కుసూటి. అయ్యగారు పండగకు పోయారు, తిరిగొచ్చేసరికి పని లేపి చూపిద్దామని రెండు ముఠాలను దింపి, ఆ ఎత్తంతా ఒక్క రోజులో కట్టేశాడు. నీళ్లు కొట్టి చూడలేదు. ఎందుకు చూడలేదో తరువాత వాడే అన్నాడు.

సోమవారం పొద్దున దేవసహాయం పంపుతో నీళ్లు కొట్టాడు. గ్యాలరీలో అరచెయ్యి పట్టుకున్న మనిషి కేక వేయలేదు. మళ్లీ కొట్టాడు. రాలేదు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చెప్పులు విప్పలేదు. కమలమ్మ అన్నం పెట్టి పిలిచినా లేవలేదు. నేనే వెళ్లి ఎడమ చెవి వైపు కూర్చున్నాను. జరిగింది చెప్పాడు. మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ఆ మిషన్లు ఎన్నేళ్లకు వస్తాయిరా?" అన్నాను.

"పదేళ్లకో పదిహేనేళ్లకో. ఇంకా ఎక్కువేనేమో."

"ఒక్క సన్న గొట్టమే గదా. మిగతా మూడూ బాగున్నాయిగా?"

"బాగున్నాయమ్మా. మూడింటితో లెక్క తెలుస్తుంది. నాలుగోది ఎందుకంటే, ఆ మూడూ నిజం చెబుతున్నాయో లేదో తెలియడానికి."

"ఇప్పుడు ఏం చెయ్యాలంటావు?"

"కట్టింది పగలగొట్టాలి. ఎందుకో రాయాలి."

తమ్ముడూ, అప్పుడు నేను అన్న మాట ఇది: "ఊరుకోరా. మూడు నెలల్లో నీకు పొడిగింపు రావాలి. నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

నేను అన్నాను. రాహేలు పంతులమ్మ అన్నది. బడిలో పిల్లలు చూచి రాస్తే పలక కడిగించి గోడ వైపు నిలబెట్టినదే అన్నది.

వాడు లేచి లోపలికి వెళ్లి నా ట్రంకు పెట్టె తెరిచాడు. అడుగున గుడ్డలో చుట్టి ఉన్న నా పాత వాన పుస్తకం తీసి, ఒక పేజీ తెరిచి నా ఒళ్లో పెట్టాడు.

నీకు గుర్తుందో లేదో. మేము గురజాలలో ఉన్నప్పుడు వాడికి పదకొండేళ్లు. పొద్దున వాన డబ్బా చూసి రాసే పని వాడికిచ్చాను. ఒకనాడు ఆకాశం తెల్లగా ఉందని డబ్బా దగ్గరకు పోకుండానే 'లేదు' అని రాసి గోలీలాటకు పోయాడు. నేను వెళ్లి చూస్తే అయిదు సెంట్ల వాన ఉంది. అంగుళంలో అయిదు నూరోవంతులు, నేల కూడా తడవదు. తెల్లవారుజామున ఒక తునక మబ్బు వచ్చి పోయిందన్న మాట. వాడు కొట్టేసి దిద్దుతానన్నాడు. కొట్టేయనివ్వలేదు. పక్కనే ఎర్రసిరాతో 'ఇది చూడకుండా రాసినది' అని వాడి చేతే రాయించాను. ఏడుస్తూ రాశాడు. ఆ పేజీ మీద ఒకచోట సిరా అలుక్కుపోయి ఉంది.

ఆ పేజీ నా ఒళ్లో ఉంది. నేను కళ్లజోడు తీసేశాను, సైరను మోగకుండానే.

కమలమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "మీరు ఏం రాసినా సరే, అన్నం తిని రాయండి" అంది వాడితో. నావైపు చూసి, "అత్తయ్యా, మీరు కూడా" అంది. ముగ్గురం తిన్నాం. తిన్నాక నా దగ్గర ఎర్రసిరా బుడ్డి, పాళీ తీసుకుని వెళ్లాడు. పని పుస్తకంలో తన సంతకం పక్కన, 'ఇది చూడకుండా పెట్టిన సంతకం. ఇప్పుడు చూచితిని. నీళ్లు రాలేదు' అని రాసి, దాని కింద ఇంకో సంతకం పెట్టి పైవారికి పంపాడు.

పై అధికారి మంచివాడే. వీణ్ణి పిలిపించి తలుపు వేయించాడట. "ఏమయ్యా, ఈ వయసులో నీకీ ఎర్రసిరా ఎందుకు? నేను ఈ పేజీ చూడలేదు. పుస్తకం తడిసిందని చెప్పి కొత్తది మొదలుపెట్టు" అన్నాడట. వీడు, "పుస్తకం మార్చొచ్చు సార్. గోడలో గొట్టాన్ని మార్చలేం గదా" అన్నాడట. ఆయన, "సరే, పగలగొట్టించు. కానీ కాగితం దాని దారిన అది పోతుంది, నేను ఆపలేను" అన్నాడట. అంతే. తిట్టలేదు, అరవలేదు.

అరిచింది గురవయ్య. మంగళవారం పొద్దున ఆరింటికే తలపాగా చేత్తో పట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చాడు.

"ఏందయ్యా ఇది? నా కట్టడం నేనే పగలగొట్టాలా?"

"తప్పు నాదే గురవయ్యా" అన్నాడు దేవసహాయం.

"తప్పు మీదే, కాదన్లా. రాళ్లు మాత్రం నాయి! ముఠా అంతా నవ్వుతా ఉండారు. నీళ్లు గొట్టి చూడకుండా ఎట్టా కట్టావురా ముసలోడా అంటన్నారు."

"నువ్వు ఎందుకు చూడలేదు?" అని నేను అడిగాను. బడిగొంతు పోలేదు నాకు.

వాడు నావైపు తిరిగాడు. "ఏంది మామ్మా, అట్టా అడుగుతావు? వేరే అయ్యోరి సంతకమైతే పది మాట్లు చూసేవోణ్ణి. ఈయన సంతకం ఉండాక ఇంకేంది చూసేది?"

దేవసహాయం తల వంచుకున్నాడు. పై అధికారి ముందు వంచని తల అప్పుడు వంచాడు.

నాకు ఆగబుద్ధి కాలేదు. "గురవయ్యా, ఆ సంతకం పెట్టించింది నేను. బస్సుకు తొందర పెట్టింది నేను" అన్నాను.

వాడు తలపాగా చుట్టుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు పంతులమ్మవి గదా మామ్మా. పంతులమ్మలు గూడా తప్పులు చేస్తారా? ఇంగ మా పిల్లల్ని బడికి పంపేది దండగే!" అన్నాడు. కోపంలోనే నవ్వాడు. తరువాత దేవసహాయంతో, "గడ్డపారలొద్దు. అదిరితే మిగతా మూడు గొట్టాలు గూడా పోతయ్. ఉలితో నేనే తీస్తా. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనీయను" అని వెళ్లాడు.

నాలుగు రోజులు పట్టింది. ఒక్కొక్క రాయి తీసి, సున్నంతో గుర్తు పెట్టి, ఏ వరుసది ఆ వరుసలో పేర్చాడట. శుక్రవారం సాయంత్రానికి గొట్టం బయటపడింది. అతుకు దగ్గర ఒక రాతి పెచ్చు ఇరుక్కుని, సందు విచ్చుకుని, లోపలికి అరచెయ్యంత పొడుగున సిమెంటు గచ్చు దిగి గడ్డకట్టింది. ఆ ముక్క కోసేసి కొత్తది బిగించారు.

శనివారం పొద్దున దేవసహాయం నాతో, "నీళ్లు కొట్టి చూస్తున్నాం. వస్తావా అమ్మా?" అన్నాడు. పాసు ముందే తీసుకున్నాడు. గ్యాలరీలోకి ఇనుప మెట్లు దిగాలి. ఇద్దరు మనుషులు పట్టుకుని దించారు. లోపల బల్బులు వెలుగుతున్నాయి. బయట అంత ఎండ పెట్టుకుని అక్కడ నూతిలోలా చల్లగా ఉంది. నాకో స్టూలు వేశారు. సన్న గొట్టం కొస నా మోకాలి ఎత్తున గోడలోంచి బయటికి ఉంది. దాని ముందు నా అరచెయ్యి పట్టాను. పైన పెద్ద గొట్టంలో పంపు దగ్గర వాడున్నాడు. వాడికి ఒక్క చెవే గనుక, మాట అందించడానికి మెట్ల మీద గురవయ్య నిలబడ్డాడు.

పంపు చప్పుడు సన్నగా వినిపించింది. నేను లెక్కపెడుతున్నాను. పది, ఇరవై. ఏమీ లేదు. ముప్పై దగ్గర చల్లటి గాలి తగిలింది. ముప్పై నాలుగు దగ్గర ఒక చుక్క. ముప్పై ఆరుకు బూడిదరంగు నీళ్లు కాస్త. తరువాత ధారగా, తెల్లగా వచ్చి, నా చెయ్యి నిండి మోచెయ్యి మీదుగా కారి చీరంతా తడిసింది.

"వచ్చింది!" అని కేక వేశాను. బడి అసెంబ్లీలో మూడు వందల మంది పిల్లల్ని నిశ్శబ్దం చేసిన గొంతు అది. గురవయ్య అందించాల్సిన పని పడలేదు. పైనుంచి వాడి గొంతు వచ్చింది: "వినపడిందమ్మా!"

గురవయ్య చెవులు మూసుకుని, "అమ్మో, ఈ మామ్మ ఉంటే సైరనెందుకు!" అన్నాడు.

దేవసహాయం దిగి వచ్చి, తను కూడా ధార కింద చెయ్యి పెట్టి చూసి, అప్పుడు పుస్తకం తెరిచాడు. నా చెయ్యి తడిగా ఉన్నా, వాడి చెయ్యి తడవకుండా సంతకం పెట్టలేదు. నేను సంతోషించాను.

ఇక ఫలితం. నెల దాటినాక, మొన్న గురువారం, నీ కార్డు వచ్చిన పూటే ఆర్డరు కూడా వచ్చింది. దేవసహాయం సర్వీసు పుస్తకంలో మందలింపు రాశారు. పింఛనులో ఏమీ తగ్గించలేదు. ఉద్యోగం ఊడలేదు. అయితే పొడిగింపు ఇవ్వలేదు. జూన్ ఆఖరుతో రిటైరవుతాడు. పెట్టాల్సిన గొట్టాల్లో సగం ఇంకొకరి చేతిమీదుగా గోడలోకి పోతాయి. కాబట్టి, తప్పు చేశాడన్నది నిజం. పట్టుబడ్డాడన్నది సగం నిజం, పట్టిచ్చింది తనే. మిగిలిన మాటలు అబద్ధం.

వాడు ఎలా ఉన్నాడని అడుగుతావు. నిన్న తన తరువాత రాబోయే ఇంజినీరు కోసం ఏ గొట్టం దగ్గర ఏం చూడాలో ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాడు. ఈ పొద్దున కాకరకాయ అడిగాడు. దిగులు పడవలసిన పనిలేదు. మళ్లీ చెబుతున్నాను, దిగులు పడొద్దు. అక్కను కూడా పడనివ్వొద్దు.

నా సంగతి ఒకటి మిగిలింది. ఈ ఏటి వాన పుస్తకంలో మార్చి 30, సోమవారం వరుసలో 'లేదు' అని ఉంది. వాన లేదని. దాని పక్కన ఎర్రసిరాతో, 'ఈ రోజు నేను నా కొడుకును ఊరుకోమన్నాను' అని రాశాను. నా తరువాత ఆ పుస్తకాలు ఎవరి చేతికి వెళతాయో తెలియదు. ఎవరు చూసినా అది ఉండాలి.

మేము జూలై మొదటి వారంలో నరసరావుపేట వచ్చేస్తున్నాము. మరియమ్మక్కకు నా వందనాలు చెప్పి, నా తల మీద చెయ్యి పెట్టినట్టుగా ఒక మాట ప్రార్థన చెయ్యమను. ఆవిడకు ఎనభై దాటాయి, ఆవిడ మాట ముందు చేరుతుంది. మీ ఆవిడకు, పిల్లలకు దీవెనలు. ఈలోగా జరగవలసిన పనులు కింద అంకెలు వేసి రాశాను. ఏ ఒక్కటీ దాటేయొద్దు.

నీ అక్క,
రాహేలు

1. ఈ ఉత్తరం అక్కకు పూర్తిగా చదువు. నేను 'ఊరుకోరా' అన్నచోట గొంతు తగ్గించి దాటేయొద్దు.

2. గుడి మెట్ల మీద ఎవరైనా మళ్లీ అంటే, వాదించొద్దు. "తప్పు చేశాడు, తనే రాశాడు, తనే దిద్దాడు" అని మూడు ముక్కలు చెప్పి లోపలికి వెళ్లు.

3. వీధివైపు గది ఖాళీ చేయించు. దేవసహాయం మంచం గోడకు కుడి చెవి వచ్చేలా వేయించు. వినపడే చెవి గది వైపు ఉండాలి.

4. పెరట్లో వాన డబ్బాకు చోటు చూడు. చూరు నీళ్లు పడకూడదు, చెట్టు నీడ ఉండకూడదు.

5. వాడు రాగానే గుడిలో ఏదైనా చదవమని పాస్టరు గారు అడిగితే, వాణ్ణే అడగమను. నన్ను అడగొద్దు.

6. మాచర్ల వైపు ఎవరైనా వస్తుంటే ఎర్రసిరా బుడ్డి ఒకటి పంపు. మాది అయిపోయింది. నవ్వొద్దు.

7. ఈ ఉత్తరాన్ని మన ఇంటి పెద్ద బైబిలులో ఉంచు. ఆ మిషన్లు తిరిగేనాటికి నేను ఉండను, నువ్వూ ఉండకపోవచ్చు, వాడు కూడా ఉంటాడో లేదో. మన ఇంటి పిల్లల్లో ఎవరున్నా సరే, పాసు తీసుకుని గ్యాలరీలోకి దిగి, నాలుగో నంబరు గొట్టం దగ్గర నాలుగో ముల్లు కదులుతున్నదో లేదో చూడాలి. కదిలితే ఈ కాగితం అడుగున 'చూచితిని' అని రాసి సంతకం పెట్టాలి. వెళ్లడం కుదరకపోతే ఆ చోటు ఖాళీగా ఉండనివ్వండి.